రేసు గుర్రం, ఎనిమిది నిమిషాల క్రాస్ కంట్రీ: టూ స్టార్ లాంగ్‌కి తయారు చేసిన ఒక కేసు

ముందు గుర్రం సంగతి. పేరు మార్చాను, కబీర్ అనుకుందాం. తొమ్మిదేళ్ల థరోబ్రెడ్ (రేసుల జాతి) గెల్డింగ్, అంటే వృషణాలు తీసేసిన మగ గుర్రం, ఎత్తు 16 హ్యాండ్స్ (దాదాపు 163 సెంటీమీటర్లు), మంచి పనిలో ఉన్నప్పుడు 480 కిలోల దగ్గర తూగుతాడు. ఐదేళ్ల వయసు దాకా మలక్‌పేటలో రేసులు పరిగెత్తాడు, ఎక్కువగా 1200, 1400 మీటర్లవి. ఎడమ ముంగాలి వెనక టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ) మీద అప్పటి గుర్తు ఒకటి ఉంది. స్కాన్‌లో మానిపోయినట్టే కనిపిస్తుంది గానీ వేళ్లతో తడిమితే పక్క కాలికంటే కాస్త మందంగా తగులుతుంది. రేసులు మానాక ఈవెంటింగ్ నేర్చుకున్నాడు, అంటే ఒకే గుర్రం డ్రెస్సేజ్ (చెప్పినట్టు కొలిచిన అడుగులు వేయడం), క్రాస్ కంట్రీ (బయలు నేల మీద కదలని కంచెలు దూకుతూ పరుగు), షో జంపింగ్ (తగిలితే పడే కర్రల మీంచి ఎగరడం) మూడూ చేసే పోటీ. స్టార్‌లు పెరిగేకొద్దీ కష్టం పెరుగుతుంది, ఒక్కో స్థాయిలో షార్ట్, లాంగ్ అని రెండు రకాలు. వన్ స్టార్ దాటాడు, టూ స్టార్ షార్ట్ కూడా ఏ గొడవా లేకుండా చేశాడు. డిసెంబరులో ఢిల్లీ దగ్గర టూ స్టార్ లాంగ్ కొలతలతో పోటీ ఉంది, తీసుకెళ్దామా అని రైడరు, వాళ్ల నాన్నగారు (గుర్రం ఆయనదే) నన్ను అడిగేసరికి సెప్టెంబరు మొదటి వారం. నేను పశువైద్యుణ్ణి, ఇప్పుడు ఎక్కువగా గుర్రాల ఫిట్‌నెస్ పనే చూస్తున్నాను. చేతిలో పద్నాలుగు వారాలున్నాయి, సరిపోతాయి, కానీ ఒక్క వారం కూడా మిగలదు అని చెప్పి ఒప్పుకున్నాను.

షార్ట్‌కీ లాంగ్‌కీ వేగం ఒకటే, నిమిషానికి 520 మీటర్లు. షార్ట్‌లో క్రాస్ కంట్రీ 2600 నుంచి 3120 మీటర్లు, అంటే ఐదారు నిమిషాలు. లాంగ్‌లో 3640 నుంచి 4680, అంటే ఏడు నుంచి తొమ్మిది నిమిషాలు. మాకు వచ్చింది 4160 మీటర్ల కోర్సు, సరిగ్గా ఎనిమిది నిమిషాలు. ఈ రెండు మూడు నిమిషాల తేడా నన్ను పెద్దగా భయపెట్టలేదు, భయపెట్టింది ఆ మర్నాడు. షార్ట్‌లో షో జంపింగ్ ముందే పెట్టేసి క్రాస్ కంట్రీతో పోటీ ముగించొచ్చు. లాంగ్‌లో అలా కుదరదు. క్రాస్ కంట్రీ పరిగెత్తిన మర్నాడు పొద్దున గుర్రాన్ని జడ్జీల ముందు, వెట్ ముందు గట్టి నేల మీద ట్రాట్ (నడకకీ పరుగుకీ మధ్య ఉండే దుడుకు నడక) చేయించి చూపించాలి, కుంటు కనపడితే అక్కడితో సరి, బాగుంటేనే షో జంపింగ్. కాబట్టి లాంగ్‌కి ఫిట్ అంటే ఎనిమిది నిమిషాలు పరిగెత్తగలగడం ఒక్కటే కాదు, పన్నెండు పదిహేను గంటల తర్వాత నాలుగు కాళ్లూ సమానంగా పడాలి, కర్ర పడకుండా ఎగరాలి. పాత రోజుల్లో ఇంకా పెద్ద తతంగం ఉండేది, కిలోమీటర్ల కొద్దీ రోడ్స్ అండ్ ట్రాక్స్ (బాటల వెంట ప్రయాణం), మధ్యలో స్టీపుల్‌చేజ్ (కంచెలు దూకుతూ వేగంగా పరుగు), ఆ తర్వాత క్రాస్ కంట్రీ. 1982 ఢిల్లీ ఏషియాడ్‌లో రఘుబీర్ సింగ్ స్వర్ణం గెలిచింది ఆ కాలంలోనే. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ నుంచి అవన్నీ తీసేశారు. 2018లో జకార్తా ఏషియాడ్‌లో ఫవాద్ మీర్జా రజతం తెచ్చింది కొత్త పద్ధతిలోనే.

రైడర్ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న: "డాక్టర్ గారూ, వారానికి ఎన్ని గాలప్‌లు పెట్టాలి?" గాలప్ అంటే గుర్రం అన్నిటికంటే వేగంగా పోయే పరుగు, రేసు గుర్రాలతో పని చేసిన వాళ్లెవరైనా ఇదే అడుగుతారు. ఒకసారి లెక్క చూడండి. 1200 మీటర్ల రేసు 72, 73 సెకన్లలో అయిపోతుంది, అంటే నిమిషానికి దాదాపు వెయ్యి మీటర్లు. 520 అంటే కబీర్‌కి సగం వేగం. వాడికి వేగం నేర్పాల్సిన పనే లేదు, సగం వేగంలో తొందరపడకుండా ఎనిమిది నిమిషాలు ఉండటం నేర్పాలి. పైగా థరోబ్రెడ్‌ల గుండె చాలా తొందరగా దారికొస్తుంది. గుండె, కండరాలు కొన్ని వారాల పనితోనే మారడం మొదలుపెడతాయి, ఎముక గట్టిపడటానికి నెలలు పడుతుంది, ఇక పెద్ద వయసు గుర్రం టెండన్ పనితో బలపడేది నామమాత్రం, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. గాలప్‌లో ఆ టెండన్ లోపలి భాగం 45 డిగ్రీల దాకా వేడెక్కుతుందని కొలిచి చూశారు. ఆరేడు వారాలకి గుండె సిద్ధమైపోతుంది, రైడర్‌కి కింద గుర్రం ఎగిరెగిరి పడుతూ కనిపిస్తుంది, అందరూ ఉత్సాహంగా వేగం పెంచుతారు, కాళ్లు మాత్రం ఇంకా అక్కడికి రాలేదు. నేను చూసిన టెండన్ దెబ్బల్లో చాలావరకు ఈ సందులోనే పడ్డాయి. అందుకని ఈ ప్లాన్ మొత్తం కాళ్ల లెక్కన వేశాను, గుండె ఎటూ వస్తుంది.

మొదటి మూడు వారాలు దాదాపు నడకే. వానాకాలంలో విశ్రాంతిగా ఉన్నాడు, బొజ్జ కూడా వచ్చింది. ముప్పావు గంట నుంచి మొదలుపెట్టి గంటన్నర దాకా, చురుకైన నడక, రోజూ ఒకే చోట కాకుండా మట్టి బాట, గడ్డి, కాస్త తారు రోడ్డు, ఎత్తుపల్లాలు. ఇది అందరికీ విసుగు, అందుకే అందరూ కోసేది దీన్నే. నా మటుకు ఈ మూడు వారాలు కోస్తే మిగతా ప్లాన్ వేయడమే అనవసరం. నాలుగో వారం నుంచి ట్రాట్ కలిపాం, నిమిషానికి 220 మీటర్ల చొప్పున, ఐదు నిమిషాల ముక్కలుగా, ఆరో వారం చివరికి మొత్తం అరగంట దాకా.

నేల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లండ్ వాళ్లు రాసిన ప్లాన్‌లు ఇక్కడికి తెచ్చి అతికించినప్పుడు తేడా కొట్టేది ఇక్కడే. వాళ్లకి ఏడాదిలో చాలా నెలలు పచ్చిక మెత్తగా ఉంటుంది. మా యార్డు (గుర్రాలుండే చోటు) హైదరాబాద్ దగ్గర మొయినాబాద్ వైపు. సెప్టెంబరులో నేల బాగా ఉంటుంది, అక్టోబరు చివరికి మొరం గట్టిపడిపోతుంది, నల్లరేగడి అయితే పగుళ్లే. అంటే పని పెరగాల్సిన వారాల్లోనే నేల పాడవుతుంది. పోనీ మెత్తటి ఇసుకలోకి వెళ్దామా అంటే లోతు ఇసుకలో టెండన్ ఇంకా ఎక్కువ లాగుతుంది. చివరికి మొక్కజొన్న కోసేసిన చేను ఒకటి దొరికింది, ఆ రైతు దున్ని చదును చేసి అంచుల్లో తిరగనిచ్చాడు, చుట్టూ ఒక కిలోమీటరుకి కాస్త తక్కువ. రెండు రోజులకోసారి ట్యాంకర్‌తో నీళ్లు. ఆ ట్యాంకర్ ఖర్చు చూసి ఓనర్ గారు మొహం అదోలా పెట్టారు, కానీ ఒక టెండన్ చిరిగితే ఏడాది పోతుందని ఆయనకీ తెలుసు.

దానితోపాటు వికారాబాద్ రోడ్డు వైపు అర కిలోమీటరు వాలు ఒకటి పట్టుకున్నాం. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తక్కువైనా గుండె బాగా పని చేస్తుంది, బరువు వెనక కాళ్ల మీదికి వెళ్తుంది, ముంగాళ్లకి ఊరట. దిగేటప్పుడు అదే తలకిందులవుతుంది కాబట్టి దిగడం ఎప్పుడూ నడకే. ట్రాట్‌లో ఎక్కడం, నడిచి దిగడం, మళ్లీ ఎక్కడం. సమతల నేల మీద రెండు గాలప్‌లు పెట్టి సంపాదించేది ఈ వాలు మీద కాళ్లకి అంత ఖర్చు లేకుండా వస్తుంది.

క్యాంటర్ (గాలప్ కంటే నెమ్మది పరుగు) ఇంటర్వెల్స్ ఏడో వారం నుంచి, నాలుగు రోజులకోసారి. ఈ ఇంటర్వెల్ పద్ధతిని మనుషుల అథ్లెటిక్స్ నుంచి తెచ్చి ఈవెంటింగ్‌లో బాగా వాడుకలోకి తెచ్చిన వాళ్లలో అమెరికా జట్టు కోచ్‌గా చేసిన జాక్ లె గాఫ్ పేరు ముందు చెప్పుకుంటారు. సూత్రం మామూలే: పని, పూర్తిగా కోలుకోకముందే మళ్లీ పని. మేం నాలుగు నిమిషాల చొప్పున మూడు సార్లు, నిమిషానికి 350 మీటర్లు, మధ్యలో మూడేసి నిమిషాల నడకతో మొదలుపెట్టాం. ముందు నిమిషాలు పెంచాం, ఆ తర్వాతే వేగం. ఒకే వారంలో రెండూ ఎప్పుడూ పెంచలేదు. ప్లాన్ ప్రకారం చివరికి ఆరు నిమిషాల చొప్పున మూడు సార్లు, 400 మీటర్ల వేగంతో చేరాలి, ఆఖరి దాంట్లో చివరి నిమిషంన్నర మాత్రం 520. మిగతా మూడు రోజుల్లో ఒకటి వాలు, ఒకటి డ్రెస్సేజ్ లేదా జంపింగ్, ఒకటి ఊరికే నడక. ఆరు గంటలకే మొదలుపెట్టేవాళ్లం, ఎనిమిది దాటితే అక్టోబరులో కూడా ఇక్కడ ఉక్కపోతే.

కొలవడానికి జీను పట్టీ కింద పెట్టే హార్ట్ రేట్ మీటరు, ఫోన్‌లో జీపీఎస్, అంతే. గుర్రం గుండె విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 కొట్టుకుంటుంది, పూర్తి వేగంలో 220 దాటుతుంది. నేను పరుగులో వచ్చే అంకెని పెద్దగా నమ్మను, పక్కన బర్రె కదిలినా కబీర్‌కి 20 పెరుగుతుంది. నేను చూసేది ఆగాక. ఆఖరి క్యాంటర్ అయ్యాక రెండు నిమిషాలకి ఎంత, పది నిమిషాలకి ఎంత. ఏడో వారంలో పది నిమిషాలకి 76 ఉండేది, తొమ్మిదో వారం మధ్యకి అంతకంటే ఎక్కువ పని చేసి కూడా 62కి వచ్చింది. దీన్ని చూసే రైడర్‌కి నమ్మకం కుదిరింది, గాలప్‌ల గురించి అడగడం మానేసింది.

అదే తొమ్మిదో వారం చివర్లో అసలు ఘట్టం. అంతకుముందు చేసిన పనే, వాతావరణం ఇంకా చల్లగా ఉంది, నడక మామూలుగా ఉంది, రైడర్‌కి తేడా ఏమీ తెలియలేదు. పది నిమిషాలకి గుండె మాత్రం 74. మీటరు తప్పేమో అని స్టెతస్కోప్ పెట్టి చూశాను, అదే. గుర్రానికి ఎక్కడైనా నొప్పి ఉంటే కుంటు బయటపడక ముందే చాలాసార్లు గుండె చెబుతుంది. ఆ సాయంత్రం కాళ్లన్నీ తడిమాను, ఏమీ దొరకలేదు. మర్నాడు తెల్లవారుజామున యాదన్న ఫోన్. యాదన్న మా సయీసు (గుర్రాన్ని చూసుకునే మనిషి), ముప్పై ఏళ్లకు పైగా రేసు గుర్రాల కాళ్లు పట్టుకున్న మనిషి. "సార్, ఎడమ ముంగాలు జర వెచ్చగున్నది. వాపైతే లేదు. నువ్వొచ్చి చూస్తే మంచిగుంటది." వెళ్లి చూస్తే పాత గుర్తుకి కాస్త పైన, నిజంగానే కొంచెం వెచ్చన. నొక్కితే నొప్పి లేదు. స్కాన్‌లో పోగులు శుభ్రంగా ఉన్నాయి, కొత్త చిరుగు లేదు.

ఇక్కడ ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులు ఇచ్చిన సలహా: స్కాన్ బాగుంది కదా, రెండు రోజులు ఐస్ పెట్టి కొనసాగించండి, పోటీ ఐదు వారాల్లో ఉంది. నేను ఒప్పుకోలేదు. ఆ వెచ్చదనం హెచ్చరికే, దాన్ని వినడానికి ఐదు వారాలు మంచి సమయం, రెండు వారాలైతే కాదు. పది రోజులు వేగం పూర్తిగా ఆపేశాం. నడక రోజుకి రెండు పూటలు, వాలు మీద నడిచి ఎక్కడం, పూటకి ఇరవై నిమిషాలు మించకుండా ఐస్, ఒక చోట గుర్రాల ఈత కొలను వాడుకోనిచ్చారు కాబట్టి రోజు విడిచి రోజు ఈత. ఈతలో కాలి మీద బరువు పడదు, గుండె మాత్రం క్యాంటర్ స్థాయికి పోతుంది. రైడర్‌కి మాత్రం ఒకటే టెన్షన్, ఫిట్‌నెస్ అంతా పోతుందని. గుర్రాల ఫిట్‌నెస్ అంత తొందరగా పోదు, రెండు మూడు వారాల తేలిక పనికి దాదాపు చెక్కు చెదరదు, ఈ విషయంలో మనుషులకంటే వాళ్లు చాలా నయం. పదకొండో వారంలో మళ్లీ క్యాంటర్‌కి వచ్చినప్పుడు ఐదు నిమిషాల చొప్పున మూడు సార్లు చేశాడు, పది నిమిషాలకి 60.

ఆ పది రోజులకి బదులు ఏమీ ఇరికించలేదు. ఆరు మూడ్ల పద్దెనిమిది నిమిషాల దాకా వెళ్లాలన్న మాట అక్కడే కొట్టేశాను. పదిహేను నిమిషాల దగ్గరే ఆగి, ఆఖరి నిమిషంన్నర 520లో పెట్టడం మాత్రం ఉంచాను. పెద్ద పని ఆఖరిది పోటీకి పదకొండు రోజుల ముందు.

దాణా సంగతి త్వరగా చెప్పేస్తాను. రోజుకి ఎనిమిది కిలోల పైన ఎండు గడ్డి, అందులో కొంత లూసర్న్ (ఒక రకం పశుగ్రాసం), దుమ్ము లేకుండా తడిపి. ఓట్స్ పూటకి కిలోకి మించి పెట్టలేదు, కావాలంటే పూటలు పెంచాం, ఒకేసారి పిండి పదార్థం ఎక్కువైతే కడుపుకీ పేగుకీ రెండింటికీ చేటు. మిగతా శక్తికి నూనె, మెల్లగా పెంచుకుంటూ. పనికి ముందు రెండు గుప్పిళ్ల లూసర్న్, ఖాళీ కడుపుతో క్యాంటర్ చేయిస్తే ఆమ్లం పైకి చిమ్మి అల్సర్లు వస్తాయి. ఉప్పు రోజూ. గుర్రం చెమటలో ఉప్పు మన చెమటలో కంటే చాలా ఎక్కువ, నీళ్లతోపాటు ఉప్పూ పోతుంది కాబట్టి రక్తం చిక్కబడదు, దాహం వేయాల్సినంత వేయదు. తొట్టి నిండా నీళ్లుండీ ఎండిపోయిన గుర్రాలు అందుకే కనిపిస్తాయి. యాదన్న పాత అలవాటుతో ఉడికించిన ఉలవలు పెడదామన్నాడు, వారానికి ఒక పూట సరే అన్నాను, గుర్రం ఇష్టంగా తింటుంది, ఆయన మనసూ నిలుస్తుంది.

ఇక ప్రయాణం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ పదిహేను వందల కిలోమీటర్ల పైమాటే, ట్రక్కులో, 44వ నంబరు హైవే మీద. చాలామంది ప్లాన్‌లు గుర్రం ట్రక్కెక్కే రోజుతో ఆగిపోతాయి. కదిలే బండిలో నిలబడటం గుర్రానికి విశ్రాంతి కాదు, బ్యాలెన్స్ కోసం కాళ్లు, వీపు రోజంతా పని చేస్తూనే ఉంటాయి. పైగా తల ఎత్తి కట్టేస్తే గొంతులోకి చేరిన దుమ్ము, సూక్ష్మజీవులు కిందికి జారిపోవు, అక్కడి నుంచే న్యుమోనియా. అందుకని మూడు పగళ్ల ప్రయాణం పెట్టుకున్నాం, రాత్రుళ్లు నాగ్‌పూర్ దాటాక ఒకచోట, గ్వాలియర్ దగ్గర ఒకచోట దింపేశాం. నాలుగైదు గంటలకోసారి ఆపి, తాడు వదులు చేసి, గడ్డి నేల మీద పెట్టి తల దించుకోనిచ్చాం. దిగేసరికి 14 కిలోలు తగ్గాడు, చాలావరకు నీరూ, పేగులో సరుకూ. రోజుకి రెండు సార్లు జ్వరం చూశాం, గుర్రానికి మామూలైన 38 దగ్గరే నిలకడగా ఉంది. పోటీకి వారం ముందే చేరడం వల్ల తేరుకోవడానికి చాలినంత సమయం దొరికింది. నాలుగు రోజుల ముందు ఒక చిన్న క్యాంటర్, ఆఖర్లో అర నిమిషం గట్టిగా, ఊపిరి తెరుచుకోవడానికి. డిసెంబరులో ఢిల్లీ గాలి ఎలా ఉంటుందో తెలిసిందే, పొద్దున పొగమంచు పూర్తిగా తొలిగే దాకా బయటికి తీయలేదు.

డ్రెస్సేజ్ రోజు ఫిట్‌నెస్‌కి మూల్యం చెల్లించాం. ఇంత ఫిట్‌గా ఉన్న థరోబ్రెడ్ డ్రెస్సేజ్ బరిలో నిదానంగా నడవమంటే నడుస్తాడా! పొద్దున గంట నడిపించి, మళ్లీ టెస్ట్‌కి ముందు అరగంట తిప్పినా వాక్‌లో రెండుసార్లు జాగ్ చేశాడు, అంటే నడవాల్సిన చోట దుడుకుగా చిన్న ట్రాట్ వేశాడు. 36.4 పెనాల్టీలు (ఇవి ఎంత తక్కువైతే అంత మేలు). నాకేం బాధ లేదు, కాస్త తక్కువ ఫిట్‌గా తెచ్చి మూడు మార్కులు సంపాదించే బేరం నేనెప్పుడూ చేయను.

క్రాస్ కంట్రీలో రైడర్‌కి నేను చెప్పింది ఒక్కటే: మొదటి రెండు నిమిషాలు గడియారం కంటే ఐదు సెకన్లు వెనక ఉండు, లాగి పట్టుకుని వాడితో పోట్లాడకు, పోట్లాటలో పోయినంత శక్తి పరుగులో పోదు. అలాగే వెళ్లింది. ఏడో నిమిషం తర్వాత ఒక పొడుగు ఎత్తు ఉంది, అక్కడ చాలా గుర్రాల దూకు చప్పబడింది, కంచెల ముందు అడుగులు ముక్కలయ్యాయి. కబీర్ చెవులు ముందుకే ఉన్నాయి. అన్ని కంచెలూ శుభ్రం, 8 నిమిషాల 11 సెకన్లు. సెకనుకి 0.4 చొప్పున 4.4 పెనాల్టీలు. నీటి కంచె దగ్గర దూరంగా ఉన్న దారి తీసుకోవడం వల్ల పోయిన సమయం అది, అలసట వల్ల కాదు.

ఆగాక ఉష్ణోగ్రత 39.9, పది నిమిషాలకి గుండె 64. నీళ్లు పోస్తూనే ఉన్నాం, పక్క గుర్రం వాళ్లు పోసిన నీళ్లని వెంటనే స్క్రేపర్‌తో గీకేస్తూ కూర్చున్నారు, అది పాత నమ్మకం, గీకడం వల్ల చల్లబడటం పెరగదు, ఆ చేత్తో ఇంకో బకెట్ పోస్తే మేలు. 38.5కి రాగానే ఆపి, తుడిచి, దుప్పటి కప్పాం, సాయంత్రానికి అక్కడ బాగా చలి. కాళ్లకి ఐస్, రెండు గంటలకోసారి పది నిమిషాల నడక రాత్రి పది దాకా. యాదన్న రాత్రంతా స్టాల్ ముందే పడుకున్నాడు, వద్దన్నా వినలేదు. పొద్దున ఐదింటికి నేను వెళ్లేసరికి నాలుగు కాళ్లూ చూసేసి, "సల్లగున్నయ్ సార్" అన్నాడు.

జడ్జీల ముందు చేసే ఆ పొద్దుటి ట్రాట్ అప్‌లో ఒక్కసారికే పాస్. తెల్లారి కొంచెం బిగుసుకున్నాడు నిజమే, అరగంట నడిపితే సర్దుకుంది. షో జంపింగ్‌లో ఒక కర్ర పడింది, ట్రిపుల్‌లో (వెంటవెంటనే వచ్చే మూడు కంచెలు) రెండోది, అది రైడర్ కాస్త ముందుకి వాలడం వల్ల. నాలుగు పెనాల్టీలు. మొత్తం 44.8తో ముగించాడు.

ఇంటికొచ్చిన రెండు వారాలకి స్కాన్ చేశాను. ఎడమ ముంగాలు సెప్టెంబరు బొమ్మతో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా లేదు. ఇప్పుడు షూలు తీసేసి పొలంలో వదిలాం, ఆరు వారాల సెలవు. ఓనర్ గారు అప్పుడే త్రీ స్టార్ లాంగ్ అంటున్నారు, అంటే నిమిషానికి 550 మీటర్లు, ఎనిమిది నుంచి పది నిమిషాలు, కంచెలు ఇంకా పెద్దవి. వచ్చే సీజన్‌లో ఇంకో టూ స్టార్ లాంగ్ చేయించి, ఆ తర్వాతి స్కాన్ చూశాక మాట్లాడదామన్నాను. ఆయనకి అంతగా నచ్చలేదు. ఈసారి ఆగస్టులోనే నడక మొదలుపెట్టడానికి మాత్రం ఒప్పుకున్నారు, ట్యాంకర్‌కి కూడా.